భరణి అమ్మాయి, దబరాన్ భయం

ప్రశ్న: నేను కువైట్‌లో ఒక ఇంట్లో వంటపని చేస్తాను. పద్నాలుగేళ్లయింది. మా ఊరు కడప వైపు. 2001లో పుట్టిన మా అమ్మాయి అమ్మమ్మ దగ్గర పెరిగి నర్సింగు చదివింది. ఇప్పుడు మంచి సంబంధం వచ్చింది. వైశాఖంలో పెళ్లి అనుకుంటున్నాం. పంచాంగం ప్రకారం అమ్మాయిది భరణి రెండో పాదం, మేష రాశి. జాతకాలు కలిశాయన్నారు. ఇంతలో ఇక్కడ తెలిసిన ఒకామె అమ్మాయి పుట్టిన తేదీ, సమయం ఫోనులో వేసి చూసింది. అరబ్బుల లెక్కలో చంద్రుడు ‘అల్ దబరాన్’ అనే నాలుగో మంజిల్‌లో ఉన్నాడట. భార్యాభర్తల మధ్య వైరం, కట్టింది కూలిపోవడం దాని ఫలమట. దబరాన్ అంటే మన రోహిణే అని కూడా చెప్పింది. విరుగుడుగా తాయెత్తు చేయించడానికి నలభై దినార్లు అవుతుందంటోంది. మా అమ్మాయిది భరణా, రోహిణా? ఆ అర్థం నిజమేనా? మగపెళ్లివారికి చెప్పాలా? మూడు రాత్రులుగా నిద్ర లేదు.

జవాబు:

అమ్మా,

ముందు ఆ నలభై దినార్లు మీ దగ్గరే ఉంచుకోండి. మగపెళ్లివారికి చెప్పవలసింది ఏమీ లేదు. మీ అమ్మాయిది భరణి నక్షత్రమే. ఈ మూడు మాటలూ గట్టిగా చెప్పగలను. ఎందుకు చెప్పగలనో కూడా వివరంగా రాస్తాను. ‘భయపడకండి’ అని ఊరికే అంటే భయం పోదు. ఆ మాట ఎక్కడ పుట్టిందో, ఎవరి కోసం పుట్టిందో తెలిస్తే పోతుంది.

మంజిల్ అనే మాట మీకు కొత్త కాదు. మనం దూరప్రయాణంలో ఆగే చోటును మజిలీ అంటాం కదా, ఆ మజిలీ ఈ అరబ్బీ మంజిల్ నుంచి వచ్చిందే. ఒంటె దిగి, మూట దించి, రాత్రి గడిపే చోటు అని దాని అర్థం. చంద్రుడు ఆకాశాన్ని ఒకసారి చుట్టి రావడానికి ఇరవై ఏడు రోజుల పైచిలుకు పడుతుంది. రోజుకొక చోట బస చేస్తాడనుకుని అరబ్బులు ఆ దారిని 28 మజిలీలుగా పంచారు. మన పెద్దలు 27 నక్షత్రాలుగా పంచారు. అభిజిత్తును కలుపుకున్న పాత పట్టికల్లో మనకూ 28 ఉన్నాయి. ఖురాన్‌లో యాసీన్ సూరా 39వ వాక్యంలో ఈ మజిలీల ప్రస్తావన ఉంది. చంద్రుడికి మజిలీలు నిర్ణయించామనీ, చివరికి అతడు ఎండి వంగిన పాత ఖర్జూర గెల కాడలా అవుతాడనీ అక్కడ ఉంది. అమావాస్య ముందు తెల్లవారుజామున కనిపించే నెలవంకను తలచుకుంటే ఆ పోలిక ఎంత సరిగ్గా కుదిరిందో తెలుస్తుంది.

ఇక మీ మొదటి ప్రశ్న. భరణి అమ్మాయి దబరాన్‌లోకి ఎలా వెళ్లింది?

మీకు తెలిసినామె చెప్పిన మాటలో ఒక ముక్క నిజం. ఆకాశంలో దబరాన్ అనే చుక్క, మన రోహిణి చుక్క ఒకటే. ఎర్రగా, పెద్దగా కనిపిస్తుంది. కానీ ఫోను లెక్కకట్టింది ఆ చుక్కను చూసి కాదు. అరబ్బీ జ్యోతిష్కులు చాలామంది, సూర్యుడు భూమధ్యరేఖను దాటి ఉత్తరానికి వచ్చే బిందువు నుంచి, అంటే మార్చి 20, 21 తేదీల్లో సూర్యుడు ఉండే చోటు నుంచి, చక్రాన్ని 28 సమభాగాలు చేశారు. ఒక్కో భాగం 12 డిగ్రీల 51 నిమిషాలు. నాలుగో భాగానికి దబరాన్ అని పేరు పెట్టారు. మన పంచాంగం నక్షత్రాలను ఆధారం చేసుకుని లెక్కపెడుతుంది. ఆ బిందువు నక్షత్రాల మధ్య సుమారు 72 ఏళ్లకు ఒక డిగ్రీ చొప్పున వెనక్కి జరుగుతూ ఉంటుంది. మన జ్యోతిష్కులు అయనాంశ అనేది దీన్నే. ఇప్పుడు ఆ తేడా సుమారు 24 డిగ్రీలు, అంటే దాదాపు రెండు మజిలీలు.

మీ అమ్మాయి విషయంలో చూద్దాం. భరణి రెండో పాదం అంటే మేషంలో 16 డిగ్రీల 40 నిమిషాల నుంచి 20 డిగ్రీల వరకు. దానికి 24 కలపండి. అరబ్బీ లెక్కలో వృషభం పదకొండు, పద్నాలుగు డిగ్రీల మధ్య పడుతుంది. నాలుగో భాగం వృషభం ఎనిమిదిన్నర దగ్గర మొదలై ఇరవై ఒకటిన్నర దగ్గర ముగుస్తుంది. అందుకే ఫోను దబరాన్ అంది. అది తప్పు లెక్క కాదు, వేరే లెక్క. ఆ లెక్కలో ‘దబరాన్’ అన్నది ఖాళీ గదికి తగిలించిన పేరు. ఆ పేరు గల చుక్క ఎప్పుడో పక్క గదులు దాటి వెళ్లిపోయింది. నిజంగా రోహిణి చుక్క దగ్గర చంద్రుడు ఉండగా పుట్టిన బిడ్డల వివరాలు అదే ఫోనులో వేస్తే ఎక్కువగా ఆరో మంజిల్ అయిన అల్ హన్‌అ వస్తుంది, దబరాన్ రాదు.

చుక్కల ప్రకారమే పోల్చాలంటే మన భరణికి సాటి వచ్చే అరబ్బీ మజిలీ రెండోది, అల్ బుతైన్. చిన్న పొట్ట అని అర్థం, మేషం పొట్ట దగ్గరి మూడు మసక చుక్కలు. మిమ్మల్ని భయపెట్టిన జాబితా లాంటి జాబితాలోనే బుతైన్ ఎదురుగా కాలువలు, బావులు తవ్వడం, గోధుమ చల్లడం అని ఉంటుంది. ఒకే అమ్మాయి. ఒక లెక్కలో బావి తవ్వే మజిలీ, ఇంకో లెక్కలో బావి పాడయ్యే మజిలీ. అసలు ఆ మాటలు ఏ అమ్మాయి గురించీ రాసినవి కావు. మీరు నిద్ర మానుకున్నది ఈ సంగతి తెలియకనే. అందుకే ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను.

మన సంప్రదాయంలో జన్మనక్షత్రం మనిషిని జీవితాంతం అంటిపెట్టుకుని ఉంటుంది. పేరులో మొదటి అక్షరం, పెళ్లి పొంతన, గుళ్లో అర్చన, అన్నిటికీ అదే ఆధారం. కాబట్టి ‘మీ అమ్మాయి మంజిల్ ఇది’ అనగానే మన మనసు జన్మనక్షత్రం దగ్గరికి పరుగెత్తుతుంది. అరబ్బీ గ్రంథాల్లో మజిలీల ఫలాలు ప్రధానంగా పనులు మొదలుపెట్టే వేళను ఎంచుకోవడానికి చెప్పినవి. దాన్ని వాళ్లు ఇఖ్తియారాత్ అంటారు, ఎంపికలు అని. మన ముహూర్తం లాంటిది. చంద్రుడు ఫలానా మజిలీలో ఉన్న రోజున ప్రయాణం కట్టవచ్చా, విత్తనం వేయవచ్చా, కొత్త బట్ట కట్టుకోవచ్చా అని చూసుకునేవారు. చంద్రుడు ఒక మజిలీలో ఉండేది రోజుకు కాస్త తక్కువ. అక్కడ రాసిన ఫలం ఆ ఒక్కరోజు పనికి. ఆ రోజు పుట్టిన పాప ఇరవై నాలుగేళ్ల తర్వాత చేసే కాపురానికి దానితో సంబంధం ఏమిటి?

వైరం, కూలడం అన్న మాటలు ఎక్కడివో కూడా చెబుతాను. అండలూసియాలో, అంటే అప్పట్లో ముస్లిం పాలనలో ఉన్న స్పెయిన్‌లో, పదో శతాబ్దం ప్రాంతంలో ‘గాయత్ అల్ హకీం’ అనే మంత్రశాస్త్ర గ్రంథం వచ్చింది. అదే స్పెయిన్‌లోని కాస్టిల్ రాజ్యాన్ని ఏలిన పదో అల్ఫాన్సో 1256లో దాన్ని తమ భాషలోకి అనువదింపజేశాడు. తర్వాత లాటిన్‌లో పికాట్రిక్స్ పేరుతో ఐరోపా అంతా తిరిగింది. ఈరోజు ఫోనుల్లో, కంప్యూటర్లలో కనిపించే మంజిల్ ఫలాల్లో చాలా భాగానికి మూలం అదే. చంద్రుడు ఏ మజిలీలో ఉండగా ఏ పనికి యంత్రం గీయాలో అందులో ఉంది. నాలుగో మజిలీ దగ్గర కట్టడాలు కూల్చడానికి, ఆలుమగల మధ్య తగవు పెట్టడానికి, బావులు పాడు చేయడానికి, విషప్పురుగులను చంపడానికి అని ఉంది. అంటే చెడు చేయాలనుకున్నవాడు ఏ రోజు యంత్రం గీయాలన్న సమాచారం అది. ఆ రోజు పుట్టినవారికి చెడు జరుగుతుందని అక్కడ లేదు. కత్తికి ఏ రోజు పదును పెట్టాలో రాసిన కాగితాన్ని తీసుకొచ్చి, అది మీ బిడ్డ నుదుటి రాత అని చదివి వినిపించారు మీకు. నాకు కోపం వచ్చింది, దాచుకోను.

అదే నాలుగో మజిలీ గురించి పదకొండో శతాబ్దంలో ట్యునీసియా ప్రాంతంలో ఉన్న ఇబ్న్ అబీ అల్ రిజాల్ అనే జ్యోతిష్కుడు వేరే విధంగా రాశాడు. ఆయన పద్ధతి నాకు ఇష్టం. ప్రతి మజిలీ దగ్గరా హిందూ పండితుల మాట ఇది, గ్రీకు జ్యోతిష్కుడు డొరోథియస్ మాట ఇది అని రెండూ పక్కపక్కన పెడతాడు. హిందువుల మాటగా దబరాన్ దగ్గర ఉన్నది విత్తనాలు చల్లడానికి, కొత్త బట్టలు కట్టుకోవడానికి, ఇల్లు మొదలుపెట్టడానికి మంచిది అని. డొరోథియస్ మాటగా, అప్పుడు కట్టిన ఇల్లు గట్టిగా నిలుస్తుందని ఉంది. ఒకరికి కూల్చే మజిలీ, మరొకరికి కట్టే మజిలీ. మీకు ఇంకెవరైనా చెబితే మళ్లీ కంగారు పడతారు కాబట్టి ఒకటి ముందే చెబుతున్నాను. డొరోథియస్ మాటల్లో ఆ మజిలీ పెళ్లికి మంచిది కాదని కూడా ఉంది. అది పెళ్లి జరిపే రోజు గురించి. పెళ్లికూతురు పుట్టిన రోజు గురించి కాదు. మీ ముహూర్తం మీ పురోహితుడు మన పంచాంగం చూసి పెడతారు. అంతటితో ఆ మాట తీరిపోయింది.

హిందువుల మాట అక్కడికెలా వెళ్లిందంటారా? ఎనిమిదో శతాబ్దంలో బాగ్దాదు ఖలీఫాల కొలువుకు మన దేశం నుంచి ఖగోళ గ్రంథాలు చేరాయి. అల్ బిరూనీ అనే పండితుడైతే స్వయంగా ఈ దేశానికి వచ్చి, సంస్కృతం నేర్చుకుని, 1030 ప్రాంతంలో హిందువుల విద్యల గురించి రాసిన పెద్ద పుస్తకంలో మన నక్షత్రాలకు ఒక అధ్యాయమే కేటాయించాడు. ఫోనులో కనిపించిన ఆ పరాయి పేరు వెనుక మన ఇంటి మాట కూడా కొంత కలిసి ఉంది.

జ్యోతిష్కుల కంటే ముందు, ఎడారి మనుషులకు దబరాన్ అంటే ఏమిటో తెలుసుకుంటే మీకు ఆ పేరు మీద భయం పోయి అభిమానం కలుగుతుందని నా నమ్మకం.

దబరాన్ అంటే వెనుక వచ్చేవాడు. ఎవరి వెనుక? సురయ్యా వెనుక. సురయ్యా మన కృత్తికలు, చిన్న చిన్న చుక్కల గుత్తి. అరబ్బుల కథ ఇది. దబరాన్ సురయ్యాను పెళ్లాడాలనుకున్నాడు. చంద్రుడు మధ్యవర్తిగా సంబంధం మాట్లాడాడు. చిల్లిగవ్వ లేని ఇతనితో నేనేం చేసుకోను అని సురయ్యా ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది. దబరాన్ తన పడుచు ఒంటెలన్నిటినీ కూడగట్టి, కన్యాశుల్కంగా వాటిని ముందు తోలుకుంటూ, ఆమె ఎటు వెళితే అటు వెళుతూనే ఉన్నాడు. ఆ ఎర్ర చుక్కకు ముందుగా ఉదయించే చిన్న చుక్కలే ఆ ఒంటెలు. ఉత్తరాన మెరిసే అయ్యూక్ అనే చుక్క, మన బ్రహ్మహృదయం, ఇద్దరి మధ్యా అడ్డుపడేదిగా చెప్పుకున్నారు.

మన కథలో అదే చుక్క రోహిణి. దక్షుడి ఇరవై ఏడుగురు కూతుళ్లను పెళ్లాడిన చంద్రుడు రోహిణి ఒక్కదాని దగ్గరే ఉండిపోయాడని, మామగారి శాపంతో క్షీణిస్తూ పెరుగుతూ ఉంటాడని చిన్నప్పుడు వినే ఉంటారు. ఒక దేశంలో చంద్రుడు ఆ చుక్కకు భర్త. ఇంకో దేశంలో ఆ చుక్కకు సంబంధం చూసిన పెద్దమనిషి. ఒకచోట అందరికంటే ఎక్కువ ప్రేమ పొందిన భార్య, మరోచోట కాదనిపించుకున్న పెళ్లికొడుకు. ‘అర్థం’ అనేది చుక్కలోనే ఉంటే ఇంత తేడా ఎలా వస్తుంది?

అరబ్బులు కూడా ఆ వెనుక వచ్చేవాడి గురించి ఒకే మాట అనలేదు. సురయ్యా వెనుక తిరిగేవాడి కంటే దురదృష్టవంతుడు అని ఒక సామెత ఉంది. ఇస్లాంకు ముందు కాలపు కవి ఒకరు మాత్రం, మాట నిలబెట్టుకున్న ఒక మనిషిని పొగడడానికి, ఆ ఒంటెలను తోలేవాడిలా నిలబెట్టుకున్నాడని పోల్చాడు. ఒకరికి దురదృష్టం, ఇంకొకరికి ఇచ్చిన మాట తప్పని మనిషి. పద్నాలుగేళ్లుగా పరాయి దేశంలో కూతురి పెళ్లి కోసం కూడబెడుతున్న మీకు ఆ ఒంటెల కాపరి సంగతి నేను వివరించనక్కరలేదు.

ఇంకొక అర్థం ఉంది. దాన్ని మీరు ప్రతి ఏడాదీ ఒంటిమీద అనుభవిస్తూనే ఉన్నారు. మనకు కార్తెలు ఉన్నట్టే అరబ్బులకు అన్వా ఉన్నాయి. ఒక మజిలీ చుక్క తెల్లవారుజామున పడమట అస్తమిస్తుంటే దానికి ఎదురు మజిలీ తూర్పున ఉదయిస్తుంది. అలా ఒక్కోదానికి 13 రోజులు, అల్ జబ్హ ఒక్కదానికి 14. అన్నీ కూడితే 365. వాన ఎప్పుడు పడుతుంది, పచ్చిక ఎప్పుడు మొలుస్తుంది, ఒంటెలు ఎప్పుడు ఈనుతాయి, ఇవన్నీ వీటిని బట్టే చెప్పుకునేవారు. తొమ్మిదో శతాబ్దంలో ఇబ్న్ ఖుతైబా ఈ అన్వా గురించి ఒక పుస్తకమే రాశాడు. చుక్కే వాన కురిపించిందని అనడాన్ని ఇస్లాం ప్రవక్త వారించారు. కాలం గుర్తుపట్టడానికి మాత్రం ఈ లెక్క నిలిచింది, ఈనాటికీ గల్ఫ్‌లో ఉంది.

అక్టోబరు మధ్యలో మొదలయ్యే వస్మ్ అనే వానల కాలం గురించి మీరు పనిచేసే ఇంటివాళ్లు మాట్లాడుకోవడం వినే ఉంటారు. అది 52 రోజులు, నాలుగు మజిలీలు. ఆ వానలు బాగా పడితేనే చలికాలం చివర్లో ఫగా దొరుకుతుంది. మట్టి కడిగి కడిగి మీరు వండే ఆ ఎడారి పుట్టగొడుగు ఆ చుక్కల లెక్కలోనిదే. దబరాన్ వేళ జూన్ 20 ప్రాంతంలో మొదలై పదమూడు రోజులు ఉంటుంది. వాళ్లు ముద్దుగా తువైబి అంటారు, చిన్నారి వెంబడించేవాడు అని. వడగాలుల కాలం. మనకు మే 25 నుంచి జూన్ 7 దాకా రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండ అంటాం. ఒకే చుక్క పేరుతో రెండు చోట్లా మండుటెండే. మనం సూర్యుడు ఆ నక్షత్రంలో ఉన్న రోజులను లెక్కపెడతాం. వాళ్లు సూర్యుడి వెలుగులో మునిగిన ఆ చుక్క మళ్లీ తెల్లవారుజామున తూర్పున కనిపించే రోజు నుంచి లెక్కపెడతారు. అందుకే మూడు, నాలుగు వారాల తేడా. నన్నడిగితే దబరాన్‌కు ఇదే అన్నిటికంటే పాత అర్థం, నమ్మదగిన అర్థం. నీళ్ల తిత్తి నిండుగా ఉందో లేదో చూసుకో, మధ్యాహ్నం నడవకు అని చెప్పే అర్థం.

ఇక చేయవలసిన పనులు. తాయెత్తు వద్దు. డబ్బు పోవడం ఒక్కటే కాదు, సౌదీ అరేబియాలోనూ ఎమిరేట్స్‌లోనూ మంత్రతంత్రాలు చట్టప్రకారం నేరం. అటువంటి వస్తువు ఏ విమానాశ్రయంలోనైనా మీ పెట్టెలో బయటపడితే మీ చేతిలో జవాబు ఉండదు. ఆ తెలిసినామె మీద పగ పెంచుకోకండి, ఆమెకూ ఎవరో చెప్పి ఉంటారు. ‘మా పంచాంగం మాకుంది, అది చాలు’ అని మర్యాదగా చెప్పి ఆ మాట అక్కడితో ఆపేయండి.

మగపెళ్లివారి చెవిన వేయకండి. ఇందులో దాపరికం లేదు. వాళ్లు అడిగింది భరణి, మీరు చెప్పింది భరణి. మూల నక్షత్రమని, ఆశ్లేష అని పేర్లు పెట్టి ఎందరు ఆడపిల్లల సంబంధాలు చెడగొట్టారో మీరూ చూసే ఉంటారు. మన దగ్గర ఉన్నవి చాలనట్టు ఇంకో దేశపు పేరు తెచ్చి మన పిల్ల మెడకు కట్టవద్దు. పెళ్లికి ముందు వాళ్లను అడగవలసినవి వేరే ఉన్నాయి. అమ్మాయి ఉద్యోగం చేస్తే అతనికి ఇష్టమేనా, రాత్రి డ్యూటీలు పడితే ఆ ఇంట్లో ఏమంటారు, కాపురం ఎక్కడ? ఇవి అమ్మాయి చేతే అడిగించండి. ఆలుమగల మధ్య తగవులు నేను చూసినంతవరకు ఇటువంటి చోట్లే మొదలయ్యాయి.

ఈ సంగతి అమ్మాయికి తెలియకపోతే మంచిదే. తెలిసిపోయి ఉంటే ఒక పని చేయండి. జనవరి చివర్లో రాత్రి ఎనిమిదింటికి మీరు మేడ ఎక్కి నిలబడితే దబరాన్ దాదాపు మీ నడినెత్తిన ఉంటుంది. ముందు కృత్తికల గుత్తిని పట్టుకోండి, దానికి కొంచెం తూర్పుగా ఎర్రగా కనిపించేది అదే. అప్పుడు ఊళ్లో పదిన్నర అవుతుంది. ఆ చుక్క అక్కడ కాస్త పడమటికి వాలి ఉంటుంది. ఫోను చేసి అమ్మాయిని వాకిట్లోకి రమ్మనండి. సురయ్యా ఏదో, ఒంటెలు ఏవో మీరే చూపించి ఆ కథ చెప్పండి.